వియన్నా నుంచి మ్యూనిక్‌కు గంటే

యూరప్‌లో నాకు తెలిసిన దూరం ఒక్కటే. వియన్నా నుంచి మ్యూనిక్‌కు. విమానంలో గంట, నేల మీద కొలిస్తే నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ గంట నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. అయినా నన్ను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తాను.

మొన్న ఒక పిల్ల జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చింది. నేనిప్పుడు ఒమాన్‌లో, మస్కట్ పక్కనున్న అల్ అమెరాత్‌లో ఒక టైలరింగ్ షాపులో పని చేస్తున్నాను. చుట్టూ కొండలు, ఎక్కడ చూసినా కొత్తగా లేస్తున్న ఇళ్లు, సైట్ల నుంచి వచ్చే దుమ్ము. షాపు ముందు నుంచే ఖురియాత్ పోయే రోడ్డు ఉంది. ఆ పిల్లది మా కడప జిల్లానే. తను పనిచేసే ఇంటి మేడమ్ ఈ ఎండాకాలం తనను కూడా జెనీవాకు తీసుకుపోతోందట. తన పిన్ని కూతురు పనిచేసే ఇంటివాళ్లు ప్యారిస్‌కు పోతున్నారట. "గంటేనంట గదక్కా విమానంలో? ఒకపూట కలిసి రాలేమా?" అంది. నేను భుజం కొలత తీసుకుంటూ ఆగిపోయాను. కొలత మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది.

మా అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అమ్మ తెల్లవారకముందే పనికి పోయేది కాబట్టి నాకు తల దువ్వి బడికి పంపింది అక్కే. ఆమె జడ వేస్తే సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. అంత గట్టిగా లాగేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను ఏడుపు అందుకుంటే "అందం ఊరికే వస్తాదా మే" అని ఇంకో లాగు లాగేది. నాకు ముక్కు మీద కోపం చిన్నప్పటి నుంచే ఉంది. అది ఆ జడల వల్లే వచ్చిందని అక్కను ఇప్పటికీ ఆడిపోసుకుంటాను.

ఒమాన్‌కు ముందు వచ్చింది ఆమె. సూర్‌లో సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంట్లో ఒక ముసలమ్మ, ఆ ముసలమ్మను చూసుకోవడం అక్క డ్యూటీ. కొన్నేళ్లకు అదే ఏజెంటు నాకూ వీసా తెచ్చాడు. నాకు పడింది మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో. పొద్దున ఏడు గంటలకు ఆ వీధుల్లో కార్లు చీమల బారులా ఆఫీసులకు పోతాయి. మా ఇంటాయన కూడా ఆ బారులో ఒకడు, ఏదో మినిస్ట్రీలో పెద్ద ఉద్యోగం. ఆయన భార్యను నేను మేడమ్ అనేదాన్ని. వాళ్లకు కాలేజీ చదివే కూతురు ఒకతె. మనుషులు మంచివాళ్లే. మేడమ్‌కు హిందీ సినిమాలు చూసి అబ్బిన హిందీ, నాకు ఇక్కడికి వచ్చాక పట్టుబడిన హిందీ. రెండూ వంకర టింకరే కాబట్టి మాకు బాగా కుదిరింది.

"ఇద్దరూ ఒకే దేశంలో ఉండారు, ఇంగ నాకేం దిగులు" అంది అమ్మ నన్ను సాగనంపుతూ. పాపం, దేశమంటే మా పేట అంత ఉంటుందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. వారానికి ఒకసారి అక్క దగ్గరకు పోయి తల దువ్వించుకోవచ్చని కూడా అనుకున్నాను, అంత పెద్దదాన్నయి ఉండీ.

దిగిన రోజే ఆ ఆశకు నీళ్లు వదిలేయాల్సి వచ్చింది. ఏజెన్సీ ఆఫీసులో మమ్మల్ని కూర్చోబెట్టి ఇళ్లవాళ్లు వచ్చేదాకా ఉంచారు. పక్కన గోదావరి జిల్లా ఆవిడ ఒకామె ఉంది, రెండోసారి వచ్చిన మనిషి. నేను ఉత్సాహం ఆపుకోలేక మా అక్క సూర్‌లో ఉందని చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఒక ముక్క చెప్తాను, గుర్తెట్టుకో అమ్మాయ్. ఈ దేశంలో నీకు నా అన్నవాళ్లు ఎవరూ లేరు. అడిగితే అలాగే చెప్పు. ఉన్నారన్నావంటే ఎప్పుడో పారిపోతావనుకుంటారు, బయట కాలెట్టనివ్వరు." అక్కకు ఫోన్ చేసి అడిగితే తానూ అదే చెప్పానని అంది. తనకు ఆ మాట చెప్పింది ఇంకెవరో. పనికి వచ్చే ఆడవాళ్లలో ఆ మాట నోటి నుంచి నోటికి పాకుతూనే ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. అది నిజమో కాదో పరీక్షించి చూసేంత ధైర్యం ఎవరికీ లేదు, నాకైతే అసలే లేదు.

అలా నేను అక్క లేని దాన్నయ్యాను. ఫోన్లో మాట్లాడుతుంటే ఎవరని మేడమ్ కూతురు అడిగితే ఇండియా, అమ్మ అని చెప్పేదాన్ని. రోజుకు ఇద్దరు అమ్మలతో మాట్లాడేదాన్ని.

తమాషా ఏమిటంటే మేడమ్ పుట్టిల్లు సూర్‌లోనే. నెలకు ఒకటి రెండుసార్లు కారు వేసుకుని పోయేది, కొత్త రోడ్డు మీద రెండు గంటలు. వచ్చేటప్పుడు ఐసు పెట్టె నిండా చేపలు తెచ్చేది. ఆ చేపలను కడిగేది నేను. ఒక్కో చేపనూ చేతిలోకి తీసుకుని, నువ్వు పొద్దున మా అక్క ఊళ్లో ఉన్నావు కదే అనుకునేదాన్ని. చేపలు రాగలిగేవి, నేను పోలేకపోయేదాన్ని. "నువ్వూ రా, సముద్రం చూద్దువు" అని మేడమ్ మొదట్లో రెండు మూడు సార్లు పిలిచింది కూడా. ఆ చిన్న ఊళ్లో బజారులో అక్క ఎదురుపడితే నా ముఖం ఊరుకుంటుందా? తలనొప్పి అనో, ఉతకాల్సిన బట్టలున్నాయనో తప్పించుకునేదాన్ని. కారు గేటు దాటాక వంటింట్లో నిలబడి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కొన్నాళ్లకు మేడమ్ పిలవడం మానేసింది. నాకు సముద్రం ఇష్టం లేదని ఇంటిల్లిపాదికీ చెప్పింది.

సెలవుల్లోనైనా కలుసుకోవచ్చు కదా అంటే అదీ లేదు. రెండేళ్లకు ఒకసారి వచ్చే సెలవు. అమ్మ మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది, మరదలితో పోట్లాడడానికి ఆమెకు ఏటా ఒక కూతురి బలం కావాలి. అందుకని ఒక ఏడు అక్క, ఒక ఏడు నేను అని మేమే వంతులు వేసుకున్నాం. అక్క పోయిన ఏడు నేను ఇక్కడ, నేను పోయిన ఏడు అక్క ఇక్కడ. అట్లా ఆరేళ్లు గడిచాయి.

ఇక్కడ అమ్మ చాదస్తం ఒకటి చెప్పాలి. నేను తిరిగి వచ్చే ముందు ప్రతిసారీ ఒక చీర నా పెట్టెలో పెట్టేది. "ఇది మీ యక్కకు. చేతికియ్యి." వచ్చే ఏడు అక్కే వస్తుంది కదా, నువ్వే ఇయ్యరాదా అంటే వినేది కాదు. "చెప్పిన పని చెయ్ మే" అనేది. అక్క పోయినప్పుడూ అంతే, నా చీర అక్క పెట్టెలో వచ్చేది. నా గదిలో అక్క చీరలు, అక్క గదిలో నా చీరలు. తర్వాత ఫోన్ చేసి ఇచ్చినావా అని అడుగుతుంది. వీలు కాలేదమ్మా అంటాను. ఒకసారి మాత్రం "మీ ఇద్దరికీ మాటలుండాయా?" అని అడిగింది. రోజూ మాట్లాడుకుంటాం, నీకెందుకొచ్చిందీ అనుమానం అని నవ్వేశాను. ఆమె నవ్వలేదు. నేను దాన్ని పట్టించుకోలేదు.

అంతా అలాగే సాగిపోయేదేమో, అక్కకు కళ్లు మసకబారకపోతే. ఆమెకు షుగర్ ఉంది, మందులు వేసుకోవడంలో బద్ధకం కూడా ఉంది. ఒకరోజు వీడియో కాల్‌లో "నువ్వెప్పుడు తెల్లగయినావు పాపా?" అంది. నేను తెల్లగా కాలేదు. ఫోన్లో నా ముఖం ఆమెకు తెల్లటి మచ్చలా కనబడుతోంది. ఎడమ కన్ను అప్పటికే సగం పోయింది, రెండోదీ ఆ దారిలోనే ఉంది. ఇంటివాళ్లకు చెబితే పంపించేస్తారని చెప్పలేదు. బియ్యంలో రాళ్లు చేత్తో తడిమి ఏరుతున్నానంది, అదేదో పెద్ద విద్య అయినట్టు. నాకు కోపం వచ్చి చెడామడా తిట్టాను. అన్నీ విని చివరికి అంది, "ఒక్కసారి నిన్ను దగ్గరగా చూసుకోవల్ల పాపా. చూపు ఉండంగానే."

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. గిన్నెలు తోముతుంటే అదే, బట్టలు ఆరేస్తుంటే అదే. నా సెలవు అయిపోయి మూడు నెలలే అయింది. మళ్లీ సెలవు రావడానికి పట్టే కాలం ఆ కంటికి ఉందో లేదో నాకు తెలియదు.

అప్పుడు వచ్చింది ఆ ఎండాకాలం. ఇక్కడి ఇళ్లవాళ్లు జులై వస్తే చాలు, వేడికి తట్టుకోలేక పిల్లలనూ పనివాళ్లనూ వెంటబెట్టుకుని యూరప్‌కు పోతారు. ఈసారి వియన్నా అన్నారు, నన్నూ రమ్మన్నారు. రాత్రి అక్కకు చెబితే ఆమె కెవ్వుమంది. వాళ్ల ముసలమ్మకు మోకాలి ఆపరేషన్ అట, మ్యూనిక్‌లో అట, అక్క తోడు పోవాలట. రెండూ ఒకే నెలలో.

మరునాడు మేడమ్ కూతుర్ని ఊరికే అడిగినట్టు అడిగాను, వియన్నా నుంచి మ్యూనిక్ ఎంత దూరమని. ఆ పిల్ల ఫోన్లో చూసి విమానంలో ఒక గంట అంది. నాకు ఇంకేమీ వినబడలేదు.

గంటంటే మాకు కడప నుంచి ప్రొద్దుటూరు. బస్సెక్కితే కాస్త కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది. అక్క, నేను ఆ రాత్రే ప్లాను వేసేశాం. శుక్రవారం నాకు పొద్దున పని కాగానే సెలవు కదా, ఆ రోజే పోవాలి. "పొద్దున అంట్లు తోమేసి బయల్దేరు, మధ్యాన్నం నా కాడ తిను, సాయంత్రం టీ యాళకు ఇంట్లో ఉంటావు" అంది అక్క. ఆ ఊళ్లలో శుక్రవారం సెలవు రోజు కాదని మాకు తోచలేదు. విమానాశ్రయం ఊరి బయట ఉంటుందని, ముందుగా పోయి వరుసల్లో నిలబడాలని అంతకుముందు విమానమెక్కిన మాకు తెలియక కాదు. ఆ గంట అనే మాట మా తలకెక్కి మిగతావన్నీ మరిచిపోయేట్టు చేసింది. అక్క కందిపప్పు, బెల్లం పెట్టెలో సర్దింది, మ్యూనిక్‌లో నాకు ఓళిగలు చేసి పెట్టడానికి. నేను అమ్మ ఇచ్చిన మూడు చీరలు సర్దుకున్నాను. కడపలో కొన్న చీరలు సూర్‌కు చేరకుండా మస్కట్ మీదుగా వియన్నాకు బయల్దేరాయి.

ఇంకో ధైర్యం కూడా ఉంది. ఒమాన్‌లో అక్క ఉందని చెప్పకూడదు కానీ మ్యూనిక్‌లో ఉందంటే ఏం తప్పు? గోదావరి ఆవిడ చెప్పింది ఆ దేశం సంగతి. జర్మనీ గురించి ఏమీ అనలేదు.

వియన్నాలో వాన. మేడమ్‌కు వానంటే ప్రాణం. మన వైపు వాన వస్తే గొడుగు వెతుకుతాం, ఈమె గొడుగు మూసి తడిసేది. మూడో రోజు సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని నారింజ ఒలుచుకుంటుంటే దగ్గరకు పోయాను. ఆరేళ్లలో ఆమెను నేను అడిగిన మొదటి కోరిక అది. మా అక్క మ్యూనిక్‌లో ఉంది, విమానంలో గంటేనట, శుక్రవారం పోయి వస్తాను, టికెట్ నా జీతంలో పట్టుకోండి అన్నాను.

మేడమ్ సంతోషించింది. అక్క ఉందని ఎప్పుడూ చెప్పలేదేం, జర్మనీలో ఎవరింట్లో పని చేస్తోంది అని అడిగింది. అబద్ధం ఆడాలంటే అక్కడే ఆడాలి. నోరు తెరిచాను, రాలేదు. జర్మనీలో కాదు మేడమ్, వాళ్లూ మనలాగే వచ్చారు అన్నాను. ఎక్కడి నుంచి అంది.

"సూర్" అన్నాను.

ఆమె నారింజ పళ్లెంలో పెట్టేసింది. బయట ట్రాము పోయిన చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

"నా పుట్టింటి ఊళ్లో నీ అక్కను పెట్టుకుని, ఆమెను చూడడానికి నువ్వు నన్ను వియన్నాలో సెలవు అడుగుతున్నావు" అంది నెమ్మదిగా. "నేను రమ్మన్నప్పుడల్లా తలనొప్పి అన్నావు."

పంపించేస్తారని భయపడ్డానని చెప్పాను. గోదావరి ఆవిడ చెప్పిన మాటా చెప్పాను.

"ఆరేళ్లు నా ఇంట్లో అన్నం వండావు. నేను నీకు పోలీసులా కనబడ్డానా?"

ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను. అది కోపం కాదు, కళ్లు తడిగా ఉన్నాయి. లేచి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

పొద్దున్నే వచ్చి మ్యూనిక్ వద్దంది. కూతురు పక్కన కూర్చుని నాకు వివరించింది. గంట అనేది గాలిలో ఉండే గంట మాత్రమే. ఇంటి నుంచి విమానాశ్రయం, అక్కడ కాచుకోవడం, దిగాక మళ్లీ ఊళ్లోకి పోవడం, తిరిగి అదంతా ఇంకోసారి. రోజంతా దారిలోనే గడిచిపోతుంది, భాష రాని చోట ఒంటరిగా. పైగా అక్క ఇంటివాళ్లకు సంగతి తెలియదు, ఉన్నట్టుండి నేను గుమ్మంలో నిలబడితే అక్క గతేమిటి? ప్రతి మాటా సరైనదే. అందుకే నాకు ఇంకా మంట పుట్టింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడాయి.

శుక్రవారం అక్కకు ఫోన్ చేశాను. ఓళిగలు అప్పటికే చేసేసింది, ముసలమ్మ రెండు తిని మూడోది అడుగుతోందట. నవ్వుతూ చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "పోనీలే పాపా. గంటే గదా అనుకుంటిమి. ఆ గంట గూడా మనది గాదు."

మేడమ్‌కు సంగతి తెలిసిపోయిందని మాత్రం ఆమెతో చెప్పలేకపోయాను. మిగిలిన రోజులన్నీ నాకు అదే భయం. సూర్‌లో ఏ ఇల్లు ఎవరిదో మేడమ్‌కు నోటికి వచ్చు. ఒక సాయంత్రం ఆమె ఫోన్లో ఎవరితోనో అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది, మధ్యలో సూర్ అనే మాట రెండుసార్లు వినబడింది. నా నోటి దురుసు వల్ల అక్క పని పోతుంది, చూపూ లేక పనీ లేక ఇంటికి పోతుంది అనుకున్నాను. వియన్నాలో తోటలు బాగుంటాయంటారు. నేను చూశాను కానీ ఒక్కటీ గుర్తు లేదు.

ఆగస్టు చివర మస్కట్‌కు తిరిగి వచ్చాం. విమానం దిగగానే వేడి ముఖాన కొట్టింది. ఎన్నడూ లేనిది, ఆ వేడి నాకు హాయిగా అనిపించింది. మొదటి శుక్రవారం పొద్దున అంట్లు తోముతుంటే మేడమ్ వంటింట్లోకి వచ్చి చేతిలో గిన్నె లాక్కుని సింకులో పెట్టింది. పద అంది. ఎక్కడికని అడగలేదు. ఆ చీరలు తెచ్చుకో అని ఆమె అన్నప్పుడు అర్థమైంది. వియన్నాలో నా పెట్టె సర్దుతుండగా వాటిని చూసి అక్కకేనని ఊహించిందట.

కారు అల్ అమెరాత్ కొండల మధ్య నుంచి పోయింది. ఇప్పుడు నేను పనిచేసే షాపు అప్పటికి లేదు, ఖాళీ నేల. ఖురియాత్ దాటాక ఎడమ చేతి వైపు సముద్రం మొదలైంది, సూర్ దాకా మమ్మల్ని వదల్లేదు. నేను వెనక సీట్లో చీరలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మేడమ్ ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయిందో, ఆ వెనక సీటు ఎన్నిసార్లు ఖాళీగా పోయిందో అనుకుంటే ఏడుపు వచ్చింది. మేడమ్ అద్దంలో చూసి రేడియో పెట్టింది.

తెల్లటి ఇల్లు, నీలం గేటు. అక్క గేటు బయటే నిలబడి ఉంది. వియన్నాలో మేడమ్ ఫోన్ చేసి వెతికింది ఈ ఇంటినేనట, అక్కకు మాత్రం ఎవరో వస్తున్నారనే చెప్పారట. ఫోన్లో చూసిన దానికంటే సన్నబడింది, జుట్టు ముందు భాగం నెరిసింది. నేను కారు దిగి నడిచాను. రెండు బారల దూరంలో నిలబడ్డాను, ఆమె పరిగెత్తుకొస్తుందని.

అక్క నా వైపు చూసి తల కాస్త పక్కకు వంచింది.

"ఎవురు?" అంది.

ఏం చెప్పాలి, నేనని చెప్పడానికి? దగ్గరకు పోయి ఆమె చెయ్యి తీసుకుని నా తల మీద పెట్టుకున్నాను. ఆ చెయ్యి నా పాపిట దాకా పోయి, వెనక జడ దాకా దిగి, అక్కడ ఆగింది. "ఎవురేసినారు మే ఈ జడ? ఇంత వదులుగా?" అంది. తర్వాత మేమిద్దరం ఏడ్చిన ఏడుపుకు వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. నాకు సిగ్గేమీ వేయలేదు.

ఆ ఇంటి ముసలమ్మ మోకాలికి కట్టుతో మంచం మీద ఉంది. ఆమెకు ముందే తెలుసట. తల్లితో ఫోన్ మాట్లాడేవాళ్లు అంత పగలబడి నవ్వరు, అటువైపు చెల్లెలో స్నేహితురాలో ఉండాలి అని ఎప్పుడో అనుకుందట. మరి అడగలేదేమని మేడమ్ అంటే, తానుగా చెబుతుందేమోనని చూశానంది. అంటే ఆ ఇంట్లో వాళ్లు చెప్పడం కోసం కాచుకుంటే మేము అడగడం కోసం కాచుకున్నాం. అక్కను ఎవరూ పంపించలేదు. ఆ నెలలోనే కళ్ల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎడమ కన్ను రాలేదు, కుడిది నిలబడింది. రెండేళ్ల తర్వాత ఆమె ఇంటికి వెళ్లిపోయింది, ఇప్పుడు కడపలో అమ్మతో కలిసి మరదలి మీద యుద్ధం చేస్తోంది.

కానీ నాకు ఎక్కువ గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. అక్క గదిలో నేల మీద కూర్చున్నాం. నా జడ విప్పి నూనె రాసి మళ్లీ అల్లింది, చూపుతో పని లేకుండా. అదే లాగుడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, "అందం ఊరికే వస్తాదా మే" అంది. ఆమె అంత గట్టిగా లాగుతుంటే నాకు ఇంకా లాగమని చెప్పాలనిపించింది.

జడ అయ్యాక చీరలు తీశాను. తనూ నా చీరల మూట తీసింది. మడతలు విప్పి పక్కపక్కన పరిచి చూస్తే రెండు మూటలూ ఒకటే. ఆకుపచ్చకు ఆకుపచ్చ, నేరేడు రంగుకు నేరేడు రంగు, అంచులు కూడా అవే. అమ్మ ప్రతిసారీ జతగా కొని ఒకటి దాచి పెట్టింది. ఒక ఏడు అక్క చేతికి నాది ఇస్తే, మరుసటి ఏడు నా చేతికి అక్కది. అక్క అంచును కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

అమ్మకు ఫోన్ చేశాం. ఇద్దరి గొంతులూ ఒకేసారి వినేసరికి ఆమె ముందు నమ్మలేదు, ఏదో ఫోన్ మాయ అనుకుంది. చీరల సంగతి అడిగితే కాసేపు నసిగి చివరికి చెప్పింది. ఒకే దేశంలో ఉండి ఇద్దరు కూతుళ్లు ఆరేళ్లు ముఖాలు చూసుకోలేదంటే మాటలు లేవనే ఆమె నమ్మకం. ఏదో పోట్లాడుకున్నారు, తన దగ్గర దాస్తున్నారు అనుకుంది. చీర చేతిలో పెడితే ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వడానికైనా పోతారు కదా అనుకుంది. పోట్లాట ఏమీ లేదమ్మా, వీలు కాలేదంతే అంది అక్క.

"అంత దూరమా మే ఆ ఊర్లు?" అంది అమ్మ. "ఎంతసేపు పట్టింది రాను?"

అక్క నా వైపు తిరిగింది. చెప్పాల్సింది నేనే.

"రెండు గంటలమ్మా. కార్లో."

వెనకాల మరదలు ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది.

"అంతేనా?" అంది అమ్మ.